బావ కుడికాలు

రబ్బరు షెడ్డు,
జూన్ 4.

అక్కకి,

క్షేమంగా చేరాను. బస్సులో పక్కసీటాయన నా చేతులు చూసి, మర్యాదగా నవ్వి, జానెడు దూరం జరిగి కూర్చున్నాడు. నాలుగు రోజులు మీ కారు రబ్బర్లకి పట్టించిన నలుపు గోళ్ళ సందుల్లోంచి ఇంకా వదల్లేదు. చిన్నప్పుడు నువ్వు పెట్టిన మసిగాడు అనే పేరు ఇక ఈ జన్మకి ఖాయం.

ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు. అందుకే రాసి పంపుతున్నాను. బావకి చదివి వినిపించి, తర్వాత వంటింటి గోడకి అంటించు.

తలుపుల రబ్బర్లకి నెలకోసారి గ్లిజరిన్ రాయండి. గుడ్డ మీద నాలుగు చుక్కలు వేసుకుంటే చాలు, జిడ్డుగా పులమక్కర్లేదు. కిరసనాయిలు, డీజిలు, గ్రీజు పొరపాటున కూడా తగలనివ్వకండి. రాసిన రోజు నల్లగా నిగనిగలాడుతుంది. ఆ తర్వాత రబ్బరు ఉబ్బి, జావగారి, ఊడిపోతుంది. బావ ఇన్నాళ్ళూ చేసింది అదే. పైగా నా దగ్గర దాచారు! కిటికీ రబ్బరులో వేలు పెట్టి వాసన చూడగానే దొంగ దొరికిపోయాడు. బంపర్ల సంగతి వేరు. ఎండకి తెల్లబారిన ప్లాస్టిక్‌ని హీట్ గన్‌తో వెచ్చబెడితే లోపలి జిడ్డు పైకొచ్చి నలుపు తిరిగొస్తుంది. కానీ అది ఒకటి రెండుసార్లే. ఇకమీద ఎవడైనా మళ్ళీ వేడి పెడతానంటే తరిమెయ్యండి, పెళుసెక్కి పగిలిపోతుంది.

నాలుగు రోజులూ బావ నా వెనకాలే ఎలా తిరిగారో చూశావుగా, ఆపరేషన్ గది బయట నిలబడ్డ మనిషిలా. ఇరవై రెండేళ్ళు అద్దెకి తిప్పుతూ కూడా ఒక్క గీత పడకుండా నడుపుకున్న బండి, నా చేతిలో పెట్టడానికి ప్రాణం ఒప్పలేదు పాపం. ఆఖరి రోజు పొద్దున తలుపు తీసి లోపలికి తొంగిచూసి, "ఒరేయ్, ఇది నా బండేనా?" అన్నారు. నాకింకేం కావాలి చెప్పు? అమ్మానాన్న పోయాక, పదకొండేళ్ళ నన్ను ఆ బండి ముందుసీట్లోనే కదా కూర్చోబెట్టుకుని మీ ఇంటికి తెచ్చారు. నన్ను మనిషిని చేసినాయనకి ఇన్నాళ్ళకి నేనొక పని చేసిపెట్టాను. ఆ బండిలో తెల్లబారిన రబ్బరుముక్క ఒక్కటి చూపించు, మీసం తీసేస్తాను.

బావకి నా నమస్కారాలు. నువ్వు మాత్రం ఆ బండి మీద తడి గుడ్డలు ఆరెయ్యకు.

నీ తమ్ముడు,
మసిగాడు


ఆసుపత్రి దుప్పట్ల గది,
జూన్ 11.

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. గోడకి అంటించలేదు. బావకి చదివి వినిపించనూ లేదు. చెప్పేది కంగారుపడకుండా విను. నువ్వు వెళ్ళిన మూడోరోజు బండికి ప్రమాదం జరిగింది. మీ బావ ఒంటి మీద గోరంత గాయం కూడా లేదు. అదే ఆయన ఏడుపు.

ఆ రోజు పొద్దుటి నుంచీ ఒకటే వాన. రక్తం శుద్ధి చేయించుకునే పెద్దావిడని మా ఆసుపత్రిలో దింపి, ఖాళీ బండితో వెనక్కి వస్తున్నారు. మధ్యలో దిగి టీ తాగారట, చెప్పులు తడిశాయి. మలుపు దగ్గర మెల్లగానే వస్తూ బ్రేకు వేశారు. కాలు జారింది. జారి పక్కన యాక్సిలరేటర్ మీద పడింది. బండి కాలిబాట ఎక్కేసి గడియారాలు బాగుచేసే ఆయన బడ్డీని గుద్దింది. ఆయన బల్ల ముందు కూర్చుని పని చేసుకుంటున్నాడు. కుడిచెయ్యి బల్లకీ గోడకీ మధ్య ఇరుక్కుంది. మూడు వేళ్ళు తీసేశారు. మా ఆసుపత్రిలోనే తీశారు, ఆ దుప్పట్లు నా దగ్గరికే వచ్చాయి. గడియారాలాయన చెయ్యి రా అది. తల్చుకుంటే అన్నం సయించడం లేదు.

రవాణా ఆఫీసువాళ్ళు మీ బావ లైసెన్సు తీసుకున్నారు. బండి పెట్టుకోవడానికి వాళ్ళ ఆవరణలో చోటు లేదని మన గుమ్మం ముందే వదిలి, పరీక్ష అయ్యేదాకా నడపొద్దని చెప్పి వెళ్ళారు. ఆఫీసరు వచ్చి చూస్తాడట. బండిలో లోపం ఉందని తేలితే లైసెన్సు తిరిగిస్తారు. లేదంటే తప్పు ఆయనదే, ఇక జన్మలో స్టీరింగు పట్టుకోనివ్వరు.

మీ బావ ఒకటే మాట. "బ్రేకు మీదే పెట్టాను. జారిపోయింది." పోలీసులకి అదే చెప్పారు, ఇరుగుపొరుగుకి అదే చెప్పారు. నమ్మేవాడు లేడు. ఎదురుగా తలూపి, వెనక్కి తిరిగి కునికిపాట్లు పడి ఉంటాడులే అంటున్నారు. లైసెన్సు పోతే పోనీ, ఏదో ఒకటి చేసుకుని బతుకుతాం. కానీ ఆయన అబద్ధం చెప్పే మనిషి కాడని నీకు తెలుసు, నాకు తెలుసు. ఆ ఒక్కమాట ఎవరో ఒకరు నమ్మకపోతే ఈ మనిషి నాకు దక్కేలా లేడు.

నేను ఇంట్లో ఫోన్ ఎత్తితే చాలు, "ఎవరు, ఆఫీసువాళ్ళా?" అంటూ వచ్చి నిలబడుతున్నారు. ఉన్నవి రెండు గదులు, ఏం మాట్లాడను? నువ్వు కూడా ఇక్కడికే, ఈ దుప్పట్ల గదికే రాయి.

అక్క


రబ్బరు షెడ్డు,
జూన్ 15.

అక్కా,

ఉత్తరం చదివాను. ఏం రాయాలో తోచడం లేదు. బావకి ధైర్యం చెప్పు. ఇక్కడ పని ఒత్తిడిగా ఉంది, వెంటనే బయల్దేరలేను.

బండి గుమ్మం ముందే ఉందన్నావు కదా. గుద్దుకున్నప్పుడు లోపల గాజుపొడి పడి ఉంటుంది. అలాగే వదిలేస్తే రబ్బర్లు కోసుకుపోతాయి. వీలు చూసుకుని ఒకసారి లోపలంతా కడిగెయ్యి. డ్యాష్‌బోర్డు తుడిస్తే చాలు. కింద, కాళ్ళ దగ్గర మాత్రం సబ్బునీళ్ళు పెట్టి బ్రష్షుతో గట్టిగా రుద్దు. పెడల్స్ కూడా. రెండుసార్లు రుద్ది మంచినీళ్ళతో కడుగు.

ఇంతకుముందే ఎవరైనా కడిగి ఉంటే సరే. కడిగారో లేదో రాయి.

తమ్ముడు


ఆసుపత్రి దుప్పట్ల గది,
జూన్ 21.

ఒరే,

నీ ఉత్తరం చూసి ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. కొంప అంటుకుంటే కిటికీ రబ్బర్ల గురించి రాస్తావేంట్రా? నీ తలకాయ! పని ఒత్తిడట. బావకి జ్వరం వచ్చిందంటే పరీక్ష ఎగ్గొట్టి వచ్చి పక్కన కూర్చున్నవాడివి, ఇప్పుడు నీకు తీరిక లేదా? నీకేమైనా ఒంట్లో బాగాలేదా? ఉంటే దాచకు.

అయినా నువ్వు చెప్పావు కాబట్టి చేశాను. ఆదివారం మీ బావ పడుకున్నప్పుడు బకెట్టు, బట్టల బ్రష్షు పట్టుకుని లోపల దూరాను. ఇద్దరం కలిసి తిరిగిన బండి, దాంట్లో మోకాళ్ళ మీద కూర్చుని ఎంత ఏడ్చానో. గాజుపొడి పెద్దగా లేదు. పెడల్స్ రుద్దితే నురగ నల్లగా వచ్చింది. మొదటిసారి రబ్బరు చేప తోలులా చేతికి చిక్కలేదు, రెండోసారికి గరుకు తేలింది. నీ మాట ప్రకారం మంచినీళ్ళతో కడిగి, ఆరేదాకా తలుపు తెరిచి పెట్టాను. సంతోషమా?

మీ బావ రోజూ గడియారాలాయన ఇంటికి వెళ్తున్నారు. మొదట్లో ఆయన భార్య తలుపు తియ్యలేదు. ఈయన మెట్టు మీద గంటసేపు కూర్చుని వచ్చేవారు. నిన్న తీసింది. ఆయన కట్టుకట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని ఏమన్నాడో తెలుసా? "మీరు రోజూ వస్తున్నారు, మంచివారే. కానీ కాలు జారిందని మాత్రం నాకు చెప్పకండి. నిద్రపోయాననండి, వినిపించుకుంటాను. ఒకదాని బదులు ఒకటి తొక్కాననండి, వినిపించుకుంటాను. నలభై ఏళ్ళు యంత్రాలతో బతికాను. బ్రేకు బాగున్న బండిలో కాలెందుకు జారుతుంది?"

మీ బావ లేచి తిరిగొచ్చారు. ఆఫీసరు వస్తే అన్నీ తేలతాయని ఎదురుచూస్తున్నారు. "నువ్వే చూస్తావు, పెడల్ దగ్గరే ఏదో ఉంది" అంటున్నారు.

జవాబు రాయి.

అక్క


ఆసుపత్రి దుప్పట్ల గది,
జూన్ 29.

తమ్ముడూ,

నీ నుంచి ఉత్తరం లేదు. ఉన్నావో లేదో తెలియదు. అయినా రాస్తున్నాను, ఇంకెవరికి చెప్పుకోను?

మొన్న ఆఫీసరు వచ్చాడు. మంచివాడే, విసుక్కోలేదు. కిందకి దూరి బ్రేకు గొట్టాలు చూశాడు, ఎవరితోనో నడిపించి ఆపించి చూశాడు. అంతా సవ్యంగా ఉందన్నాడు. మీ బావ వదల్లేదు. "పెడల్ చూడండి సార్, పెడల్" అన్నారు. ఆయన వంగి వేలితో రాసి చూశాడు. "రబ్బరు బాగానే పట్టుగా ఉందండీ, కావాలంటే మీరే ఎక్కి చూడండి" అన్నాడు.

మీ బావ ఏం చేశారో విను. కుళాయి కింద రెండు చెప్పులూ తడుపుకుని వచ్చారు. ఆ రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉండాలని. ఎక్కి కూర్చుని బ్రేకు తొక్కారు. జారలేదు. మళ్ళీ తొక్కారు. పక్కగా తొక్కారు, మడమతో తొక్కారు, కొసతో తొక్కారు. మళ్ళీ దిగి, మళ్ళీ తడుపుకుని, మళ్ళీ ఎక్కారు. ఇరవైసార్లు తొక్కి ఉంటారు. ఒక్కసారి కూడా జారలేదురా. ఆఫీసరు తల పక్కకి తిప్పుకున్నాడు. నాకు ఆ వాకిట్లోనే భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

ఆయన దిగి బండి తలుపు వేసి, కాళ్ళకేసి చూసుకుని, "అయితే నేనే" అన్నారు. అంతే.

నిన్న అడిగారు. "ఏమే, నేను తొక్కింది బ్రేకు కాదేమో కదూ? కాలు జారిందని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నానేమో?" నేను కాదు కాదు అన్నాను. నిజం చెప్పనా? నాకూ అనుమానం పుట్టింది. ఇరవైసార్లు నా కళ్ళతో చూశాను కదా. పాతికేళ్ళు కాపురం చేసి ఆయన మాట నేను కూడా నమ్మలేదని తెలిస్తే ఇంకేముంది?

తప్పు తనదేనని ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెడితే అక్కడితో ముగించేస్తారట. వచ్చే పదో తారీకులోగా పెట్టాలి.

అక్క


రబ్బరు షెడ్డు,
జూలై 3.

అక్కా,

బావని దేని మీదా సంతకం పెట్టనివ్వకు. ఏమైనా సరే పెట్టనివ్వకు. నేను వస్తున్నాను. వచ్చి మాట్లాడతాను.

తమ్ముడు


ఆసుపత్రి దుప్పట్ల గది,
జూలై 12.

తమ్ముడికి,

నువ్వు వస్తావని అయిదో తారీకు నుంచీ రోజూ బస్సు వేళకి గుమ్మంలో నిలబడ్డాను. మీ బావకి చెప్పాను కూడా, "వాడొస్తున్నాడు, ఏదో చెప్తాడట, వాడొచ్చేదాకా ఆగండి" అని. ఆయన ఆగారు. పదో తారీకు మధ్యాహ్నం దాకా ఆగి, చొక్కా వేసుకుని వెళ్ళి సంతకం పెట్టి వచ్చారు. ఎందుకు రాలేదో నేను అడగను. అడిగే ఓపిక నాకు లేదు.

అక్కడి నుంచి తిన్నగా గడియారాలాయన ఇంటికి వెళ్ళారు. "మీరన్నదే నిజమండీ, నేనే ఒకటి తొక్కబోయి ఇంకొకటి తొక్కాను, కాలు జారిందని మీకు అబద్ధం చెప్పాను" అన్నారట. ఆయన కళ్ళు మూసుకుని, "ఇప్పటికి చెప్పారు, ఇక రాకండి" అన్నాడట.

ఇప్పుడు ఇంట్లో ఎలా ఉందో రాస్తాను, చదువుకో. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని, కుడి, ఎడమ, కుడి, ఎడమ అని పైకే అనుకుంటూ దిగుతున్నారు. అయిదే మెట్లురా! ఊరంతా కళ్ళు మూసుకుని నడిపిన మనిషి. రోడ్డు దాటాలంటే నా కొంగు పట్టుకుంటున్నారు. కుర్చీలో కూర్చుని కుడికాలికేసి చూస్తూ ఉంటారు, అదేదో ఇంట్లో దిగిన పరాయి మనిషైనట్టు. ఆ పెద్దావిడ ఫోన్ చేసి, "ఎప్పుడొస్తావు నాయనా, ఈ కొత్త డ్రైవరు గతుకుల్లో చంపేస్తున్నాడు" అంది. "నాకు డ్రైవింగు రాదమ్మా" అని పెట్టేశారు.

"రాదు" అన్నారురా. ఇరవై రెండేళ్ళు అన్నం పెట్టిన విద్య.

అక్క


రబ్బరు షెడ్డు,
జూలై 20.

అక్కా,

దీన్ని కూర్చుని చదువు.

బావ కాలు జారింది. నిజంగానే జారింది. జారేలా చేసింది నేను.

మా షెడ్డులో చేరిన మొదటిరోజే మేస్త్రి అందరిచేతా చెప్పిస్తాడు. సిలికాన్ పాలిష్ మూడుచోట్ల తగలకూడదు. స్టీరింగు, టైరు నేలని తాకే భాగం, పెడల్స్. అది రబ్బరుకి నలుపుతో పాటు జారుడు కూడా ఇస్తుంది. తడి తగిలితే మరీనూ. పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, కొత్తవాళ్ళకి నేనే చెప్తాను.

ఆ ఆఖరి రోజు పొద్దున బండి తలుపులన్నీ తెరిచి పెట్టాను. ఎండ లోపల పడింది. ఎక్కడ చూసినా నలుపు, నిగనిగలాడుతోంది. ఆ పెడల్స్ మూడూ మాత్రం బూడిదరంగులో ఉన్నాయి. బ్రేకు రబ్బరు మూల బావ కాలు పెట్టి పెట్టి గుంట పడింది. అంత పని చేసి అవి అలా వదిలెయ్యడానికి నాకు మనసొప్పలేదు. చేతిలో గుడ్డ ఉంది, గుడ్డకి పాలిష్ ఉంది. ఒక్కసారి రాశాను. బావ చూశాక సబ్బుతో కడిగేద్దాంలే అనుకున్నాను. బావ వచ్చి తొంగిచూసి ఆ మాట అన్నారు. నేను ఎక్కడో తేలిపోయాను. ఇంతలో నువ్వు బస్సుకి వేళవుతోందని కేకేశావు.

రెండో స్టాపు దగ్గరే గుర్తొచ్చింది అక్కా. దిగి ఫోన్ చేద్దామనుకున్నాను. ఏం చెప్పాలి? పన్నెండేళ్ళ పనివాడు మొదటిరోజు పాఠం మర్చిపోయాడనా? బావ నన్ను చూసి అంత గర్వపడ్డారు, ఆ గర్వం నాకు ఇంకో నాలుగు రోజులు కావాలనిపించింది. అదే ఎండిపోతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. తర్వాత రాసిన ఉత్తరంలో ఈ సంగతి ఒక వాక్యం రాశాను. రాసి, బాగాలేదని ఆ కాగితం పారేసి కొత్తది రాశాను.

ఇక కడగమని రాసింది. ఇంకెవరైనా ఎక్కి నడిపితే ప్రమాదమని రాస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. కానీ బండి నడపొద్దన్నారని నీ ఉత్తరంలో చదివాకే కదా రాశాను. నేను ఎందుకు రాశానో నాకు తెలుసు. నీ చేత్తోనే నా తప్పు కడిగించాను. బావ ఇరవైసార్లు తొక్కారని చదివాకే సంతకం పెట్టనివ్వద్దని నీకు రాశాను.

నాలుగో తారీకు బస్సెక్కాను. సగం దారిలో దిగిపోయి వెనక్కి వచ్చాను. నాకు ముఖం చెల్లలేదు.

నిన్న మేస్త్రికి చెప్పాను. కొడతాడనుకున్నాను. "మీ బావకి చెప్పావా?" అన్నాడు. లేదన్నాను.

దీంతోపాటు ఇంకో కాగితం పెట్టాను. ఆఫీసరుకి. జరిగిందంతా రాసి సంతకం చేశాను. ఏ శిక్ష వేసినా సరే. ముందు బావకి చదివి వినిపించు. ఆయన కాలు తప్పు చెయ్యలేదని చెప్పు. నన్ను క్షమించమని మాత్రం అడగకు.

తమ్ముడు


ఆసుపత్రి దుప్పట్ల గది,
ఆగస్టు 2.

నీ ఉత్తరం అందిన రోజు ఇక్కడే తలుపు వేసుకుని చదివాను. ఆ తర్వాత యాభై దుప్పట్లు మడతపెట్టాను, అన్నీ తప్పు మడతే. నువ్వు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. చిన్నప్పుడు పలక పగలగొట్టి నా పేరు చెబితే రెండు దెబ్బలు వేసి మర్చిపోయాను. దీనికి ఏం వెయ్యాలో నాకు తెలియడం లేదు. రాసి నాకు ఒక మేలు చేశావు. ఆయన్ని అనుమానించినందుకు నన్ను నేను తిట్టుకునే వీలు కలిగింది.

ఆఫీసుకి వెళ్ళాను. ఆ ఆఫీసరే ఉన్నాడు. నీ కాగితం రెండుసార్లు చదివాడు. "అమ్మా, ఇలాంటివి చుట్టాలు రాస్తూనే ఉంటారు. పెడల్ నేను చేత్తో చూశాను. మీవారే స్వయంగా తొక్కి చూశారు, ఆయనే సంతకం పెట్టారు" అన్నాడు. కడిగామండీ అన్నాను. ఎవరు కడిగారని అడిగాడు. నేనే అన్నాను. పరీక్ష ఉందని తెలిసీ ఎందుకు కడిగారన్నాడు. మా తమ్ముడు కడగమన్నాడని చెప్పాను. నాకేసి జాలిగా చూశాడు. కాగితం తిరిగిచ్చేశాడు.

ఆయన నమ్మకపోతే మానె అనుకున్నాను. నమ్మాల్సిన మనిషి ఇంట్లో ఉన్నాడు కదా. పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చాను. మీ బావని కూర్చోబెట్టి, నీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివాను. నువ్వు కడగమన్న సంగతి కూడా దాచలేదు, అన్నీ చదివాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. మధ్యలో కుడికాలి మీద చెయ్యి వేసుకున్నారు. అమ్మయ్య, నా మనిషి నాకు తిరిగొస్తున్నాడు అనుకున్నాను.

అయిపోయాక కళ్ళు తెరిచి నవ్వారు. ప్రమాదం జరిగాక ఆయన నవ్వడం అదే మొదలు.

"వాడు ఎంత పని చేశాడే!" అన్నారు. "నా నేరం వాడి నెత్తిన వేసుకుంటున్నాడు. ఇది బయటికి తెలిస్తే వాడికి మళ్ళీ ఎవరైనా పని ఇస్తారా? అది కూడా చూసుకోలేదు పిచ్చి వెధవ. కన్నకొడుకు కూడా చెయ్యడు ఈ పని."

నేను గట్టిగా అరిచాను. నిజమండీ, నురగ నల్లగా వచ్చింది, రబ్బరు నా చేతికే చిక్కలేదు, నేను కళ్ళారా చూశాను అన్నాను. నా తల నిమిరారు. "నువ్వు కూడానా?" అన్నారు. "ఇద్దరూ కూడబలుక్కుని కథ బాగానే కట్టారు. కానీ నేను తొక్కి చూశానుగా. ఒక్కసారి కూడా జారలేదుగా. నా కాలి సంగతి నాకు తెలియదా?"

ఒట్టు వేశాను. ఏడ్చాను. ఆయన కాళ్ళు రెండూ పట్టుకున్నాను. నేను ఎంత చెబితే అంత ఎక్కువగా కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మీరిద్దరూ నాకోసం ఇంత చేస్తున్నారు, నేనేమో ఇలాంటి పని చేశాను" అని కుమిలిపోయారు. ఆఖరికి నేను నోరు మూసుకున్నాను. ఇకమీద ఈ మాట ఎత్తితే ఆయన ఇంకా కుంగిపోతారు. ఎత్తకపోతే ఇలాగే ఉంటారు.

నీ కాగితం నా చేతిలోంచి తీసుకుని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పడేశారు. నీకు ఇలా రాయమన్నారు, ఆయన మాటలే రాస్తున్నాను. "నావల్ల నీ పేరు చెడగొట్టుకోకు. నీ పనికి వంక పెట్టేవాడు పుట్టలేదు. ఆ బండిని నువ్వు తీర్చిదిద్దినంత బాగా ఎవరూ చెయ్యలేరు. ఒకసారి వచ్చి కనిపించు, నిన్ను చూడాలని ఉంది."

ఇది నా మాట. నువ్వు వస్తే ఆయన గోడ పట్టుకుని, కుడి ఎడమ అనుకుంటూ, ఆ అయిదు మెట్లూ దిగి వచ్చి నిన్ను గుండెకి హత్తుకుంటారు. అది నేను చూడలేను.

రాకు.

అక్క